ఆవిరన్నం

కంబగిరికి అన్నం సహించడం మానేసి చాలా రోజులైంది.

జబ్బేమీ లేదు. రైల్వే ఆసుపత్రి డాక్టరు నాలుక చూశాడు, కడుపు నొక్కాడు, నీకేం లేదు పొమ్మన్నాడు. ఉన్నదల్లా భయం. పొద్దున లేస్తే భయం. షాపు గేటు దాటితే భయం. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే భయం. నలభై దాటిన మనిషి, బాయిలర్ షాపులో చార్జ్‌మన్, చేతి కింద పనివాళ్ళున్నవాడు. నాకు భయమేస్తోందని ఎవరితో చెప్పుకుంటాడు పాపం?

చివరికి ఒక సాయంత్రం సిగ్గు విడిచి మదార్ ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

మదార్ ఉస్తాద్ అంటే ఒకప్పుడు అదే షాపులో పెద్ద మేస్త్రి. కంబగిరికి సుత్తి పట్టుకోవడం నేర్పినవాడు. పని దిగిపోయాక యార్డు చివర ఉన్న చిన్న దర్గా పక్కనే గది వేసుకున్నాడు. పొద్దున దర్గా ఊడుస్తాడు, సాయంత్రం సాంబ్రాణి వేస్తాడు, మధ్యలో ఎవరైనా వచ్చి బాధలు చెప్పుకుంటే వింటాడు. మాట మాత్రం అరుదు. ఆయన నోట్లోంచి రెండు మాటలు రాబట్టాలంటే తల ప్రాణం తోకకొచ్చేది.

"ఉస్తాద్, భయం పోయే ఉపాయం ఏదన్నా చెప్పండి" అన్నాడు కంబగిరి, అరుగు మీద కూలబడి.

"దేనికి భయం?"

"షాపు మూసేస్తారంట."

"ఊఁ."

"మూస్తే నన్ను యాడికో డీజిల్ షెడ్డుకు పంపిస్తారు. ఆ పని నాకు రాదు. నాకు తెలిసిందంతా బాయిలరే గదా. ఈ వయసులో ఎవరో కుర్రోడి కింద నూనె గుడ్డలు పిండుకుంటా బతకాల."

"ఊఁ."

"మీ దగ్గర చేరిన పొద్దు నుంచి చూస్తాండా, మీ కండ్లలో భయం ఒక్కనాడూ చూళ్ళేదు. మీరెట్లా పోగొట్టుకున్నారో అది చెప్పండి చాలు."

ఉస్తాద్ సాంబ్రాణి పొగ ఊదాడు.

"బాగుచేస్తాండే ఇంజను ఎప్పుడు ముట్టిస్తాండారు?" అనడిగాడు.

"బేస్తవారం."

"నేనొస్తా."

అంతే. భయం పోగొట్టుకుందామని పోయిన మనిషి ఇంకో భయం మూటగట్టుకుని లేచాడు. ఆ ఇంజను దగ్గరికి ఎవరు వచ్చినా ఫరవాలేదు, ఈయన రాకూడదు. ఎందుకు రాకూడదో లోకంలో కంబగిరికి ఒక్కడికే తెలుసు.

అది చెప్పాలంటే ముందు ఊరి సంగతి చెప్పాలి.

ఊరి పేరు బూడిదమిట్ట జంక్షన్. రైలు రాకముందు ఆ పేరూ లేదు, ఊరూ లేదు. తుమ్మచెట్లు, నల్లరాళ్ళు, ఉడుములు. కంపెనీ దొరలు వచ్చి, పక్కన వంకలో నీళ్ళున్నాయని చూసి, ఇక్కడే లైన్లు కలుపుదామన్నారు. షెడ్డు లేచింది, యార్డు పరుచుకుంది, వర్క్‌షాపు వెలిసింది. ఇంజన్ల కడుపులోంచి దించిన బూడిదంతా ఒకచోట పోస్తూ పోతే అది గుట్టయింది. ఆ గుట్ట పేరే ఊరికి పెట్టుకున్నారు. పిచ్చి పేరే గానీ, ఆ పేరు చెబితే చాలు పిల్లనిచ్చేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

పోతపని షాపు, కమ్మరి షాపు, చక్రాల షాపు, పెట్టెల షాపు. అన్నిటికన్నా పెద్దది బాయిలర్ షాపు. లోపల పక్కన నిలబడ్డవాడితో మాట్లాడాలన్నా చెవిలో నోరు పెట్టి అరవాల్సిందే. అందుకే బాయిలర్ షాపువాళ్ళకు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడే అలవాటు, పెళ్ళాలతో చీవాట్లు తినే అలవాటు. దసరాకు సుత్తులకు కుంకుమ పెట్టేవాళ్ళు. మొహర్రానికి పీర్లు యార్డు దాటుతుంటే షంటింగు ఆపేవాళ్ళు. క్రిస్మస్‌కు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు ఆడేవాళ్ళు. అన్నిటికీ అందరూ పోయేవాళ్ళు. ఎంత వైభోగం అనుకున్నారు!

తరవాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. మొదట్లో అందరూ నవ్వారు. ఆ డబ్బాకేం తెలుసురా, దానికి ఊపిరుందా అని ఎకసెక్కాలాడారు. నవ్వుతుండగానే పోతపని షాపు మూశారు. కమ్మరి షాపు మూశారు. చక్రాల షాపు రేకులు ఎవరో విప్పుకుపోయారు. యార్డులో పట్టాల మధ్య తుమ్మచెట్లు మళ్ళీ మొలిచాయి. మేకలు మేస్తున్నాయి. ఆఖరుకి బాయిలర్ షాపు ఒక్కటి మిగిలింది, అందులో నాలుగో వంతు మనుషులు. అరిస్తే తప్ప వినపడని ఆ షాపులో ఇప్పుడు కంబగిరికి తన చెప్పుల చప్పుడు తనకే వినపడేది. పై దూలాల మీద పావురం రెక్క కొట్టుకుంటే ఉలిక్కిపడేవాడు. ఎవరో వెనకాలే నడుస్తున్నట్టు తిరిగి చూసేవాడు. ఎవరూ ఉండరు. ఎవరూ లేకపోవడమే ఆ భయం.

ఇలా ఉండగా ఒక కబురొచ్చింది. ఘాట్ మీదికి పోయే చిన్న లైనుంది, దాని మీద ఇంకా ఆవిరి ఇంజన్లే నడుస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని బూడిదమిట్టకు పంపుతాం, బాయిలర్ బాగుచేసి చూపించండి అన్నారు. హెడ్డాఫీసు నుంచి ఆఫీసరు వచ్చి చూస్తాడు. పాసైతే ఆ లైను ఇంజన్లన్నీ ఇక్కడికే వస్తాయి, షాపు నిలబడుతుంది. ఫెయిలైతే తాళం. ఫోర్‌మన్ రాజమాణిక్యం అందర్నీ పోగేసి చెప్పి, కంబగిరి వైపు చూశాడు. అందరూ కంబగిరి వైపే చూశారు. బాగుచేశాక బాయిలర్‌ను బిగించి మూసేది అతనే మరి.

బాయిలర్ సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడో ముక్క చెప్పాలి. ఇంజనులో నిప్పు మండే గది మీద ఇనప కప్పు ఉంటుంది. ఆ కప్పు మీద ఎప్పుడూ నీళ్ళుండాలి. నీళ్ళు తగ్గి కప్పు బయటపడిందా, ఇనుము ఎర్రగా కాలి మెత్తబడి, ఆవిరి తోపుకు చీలిపోతుంది. ఇక ఇంజనూ ఉండదు, దాని మీద మనుషులూ ఉండరు. అందుకని ఆ కప్పుకు ఒక బిరడా బిగిస్తారు, లెడ్ ప్లగ్గంటారు. చుట్టూ ఇత్తడి, నడుమ సీసం. నీళ్ళు తగ్గితే అన్నిటికన్నా ముందు ఆ సీసం కరిగి కారిపోతుంది. ఆ బెజ్జంలోంచి ఆవిరి బుస్సుమని నిప్పు మీద పడుతుంది. డ్రైవరు ఉలిక్కిపడి నిప్పు దించేస్తాడు. బతికిపోతాడు.

కంబగిరి కొత్తగా చేరినప్పుడు ఉస్తాద్ కొత్తవాళ్ళందర్నీ షాపు వెనక్కి తీసుకుపోయి ఒక పేలిన బాయిలర్ చూపించాడు. ఘాట్ లైను మీంచి తెచ్చి పడేసిందది. అంగుళం మందం ఇనుము గుడ్డ చింపినట్టు చిరిగిపోయుంది. ఉస్తాద్ ఆ చిరుగు మీద ఒక్కొక్కరి చెయ్యీ పెట్టించాడు. "ఇక్కడ మనుషులు కూర్చోనుండిరి" అన్నాడు. ఆ రోజు పాఠం అంతే. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు.

మరి ఆ చెయ్యి పెట్టిన కంబగిరే ఏం చేశాడంటే, చెప్పడానికే నోరు రావడం లేదు. స్టోర్సులో లెడ్ ప్లగ్గులు లేవు. అసలు స్టోర్సులో ఎలుకలు తప్ప ఏమీ లేవు. పాత ప్లగ్గుకే సీసం పోశాడు, నీళ్ళ పరీక్షకు బిగించి చూశాడు, చెమ్మ కారింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ కారింది. చేతులు వణుకుతుంటే సీసం సరిగ్గా ఎక్కడ కూర్చుంటుంది? ఆఫీసరు వచ్చి ఆ చుక్క చూశాడంటే అయిపోయింది. అప్పుడు కంబగిరి ఎవరికీ చెప్పకుండా ఇత్తడి కడ్డీని లేతు మిషను మీద తరిణి పట్టి నిండు బిరడా చేశాడు. సీసం లేదు, బెజ్జం లేదు. బిగించాడు. ఒక్క చుక్క కారలేదు.

ఆఫీసరు నీళ్ళ పరీక్ష చూసి భేష్ అన్నాడు. షాపంతా చప్పట్లు కొట్టింది. తరవాత మార్చేద్దామనుకున్నాడు కంబగిరి. మార్చాలంటే బాయిలర్లో నీళ్ళన్నీ వదిలేయాలి. ఎందుకు వదులుతున్నావంటే ఏం చెప్తాడు? ఈ పూట, రేపు, ఎల్లుండి అనుకుంటూ బేస్తవారం దాకా వచ్చాడు.

బేస్తవారం తెల్లవారుతుండగానే ఉస్తాద్ వచ్చాడు. ఉతికిన లుంగీ, తల మీద తెల్లటి టోపీ. అందరూ సలాములు పెట్టారు. ఆయన సలాము తీసుకుని, ఎవరో అందించిన దీపం పట్టుకుని, నిప్పు వేసే వాకిట్లోంచి తల లోపలికి పెట్టాడు. అది పాత అలవాటు. ముట్టించే ముందు ఉస్తాద్ చూడాల్సిందే.

కప్పు నడుమ సీసం ఉంటే బూడిద రంగు చుక్క కనబడుతుంది. లేకపోతే దీపం వెలుగుకు ఇత్తడి పసుపుపచ్చగా మెరుస్తుంది. గుడ్డివాడికి తప్ప అందరికీ తెలిసిపోతుంది.

ఉస్తాద్ చాలాసేపు చూశాడు. తల బయటికి తీశాడు. దీపం ఆర్పి, చేతులు తుడుచుకున్నాడు.

"ఆవిరన్నం ఎవురు తెస్తాండారు?" అనడిగాడు.

"మా ఇంటిది, సుంకమ్మ" అన్నాడు కంబగిరి.

"మంచిది" అన్నాడు ఉస్తాద్. "ముట్టించండి."

చూశాడా, చూడలేదా? వయసు మీద పడి కళ్ళు మసకలేమో! కంబగిరికి అడగడానికి నోరు లేదు, అడగకుండా ఉండడానికి ప్రాణం లేదు.

ఆవిరన్నం అనేది ఆ షాపు ఆచారం. బాగుచేసిన ఇంజనులో మొదటిసారి ఆవిరి లేచిన పూట, బాయిలర్ మూసినవాడి ఇంటినుంచి అన్నం రావాలి. మూసినవాడు డ్రైవరు నిలబడే ఫుట్‌ప్లేటు మీద, నిప్పు వాకిలి ఎదురుగా కూర్చుని ఆ అన్నం తినాలి. తింటేనే ఇంజను గేటు దాటుతుంది. ఎవడు పెట్టాడో ఆచారం, వాడు చాలా గట్టివాడు. పని సరిగ్గా చెయ్యనివాడు అక్కడ కూర్చుని ముద్ద మింగగలడేమో చూడండి!

మధ్యాహ్నానికి ఆవిరి లేచింది. చాలాకాలం తరవాత బూడిదమిట్ట షాపులో ఇంజను ఊపిరి తీస్తుంటే ముసలాళ్ళు కొందరు ఏడ్చారు. ఫైర్‌మన్ వెనకాల బొగ్గు పగలగొడుతున్నాడు. డ్రైవరు డిక్రూజ్ నూనె డబ్బా పట్టుకుని ఇంజను కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి. ఆఫీసరు, ఫోర్‌మన్ కొంచెం ఎడంగా కుర్చీల్లో కూర్చున్నారు.

ఉస్తాద్ ఫుట్‌ప్లేటు ఎక్కి, గేజీ గ్లాసు పక్కనున్న చెక్క సీటు మీద కూర్చున్నాడు. గేజీ గ్లాసంటే బాయిలర్లో నీళ్ళెంత ఉన్నాయో చూపించే గాజు గొట్టం. మామూలుగా రెండుంటాయి. రెండోది పగిలిపోయి కొత్తది రాలేదు. ఒక్కదాంతోనే సరిపెట్టుకుంటున్నారు. కంబగిరి దాన్ని చూశాడు. నీళ్ళు సగానికి పైనే ఉన్నాయి. నీళ్ళున్నంతసేపూ సీసమైనా ఇత్తడైనా ఒకటే. ఏమీ కాదు. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

సుంకమ్మ క్యారియర్ పట్టుకుని వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, జడలో కనకాంబరాలు పెట్టుకుంది. క్యారియర్ పైకి అందించి పోబోయింది.

"యాడికి బిడ్డా? పైకి రా" అన్నాడు ఉస్తాద్.

"నేనెందుకు నాయనా? ఆడోళ్ళు ఎక్కగూడదేమో."

"ఎవురన్నారు? అన్నం నీది. వచ్చి కూసో."

కంబగిరి మెట్లకు అడ్డంగా జరిగాడు. "ఆమెకు ఇంట్లో పనుంది ఉస్తాద్" అన్నాడు.

"ఏం పని? పొయ్యి ఆర్పేసే వచ్చినా" అంది సుంకమ్మ. ఎంత సంబరమో ఆ పిచ్చిదానికి! కొంగు దోపుకుని ఎక్కేసింది. ఉస్తాద్ ఒక పెట్టె బోర్లించి, నిప్పు వాకిలికి సరిగ్గా ఎదురుగా వేశాడు. దాని మీద కూర్చుంది.

"సుంకమ్మా, నువ్వు దిగు. ఇక్కడ సెగ ఎక్కువ" అన్నాడు కంబగిరి.

"ఏమయ్యా, నన్ను చూస్తే నలుగురిలో నామోషీగా ఉందా?"

"అది కాదే..."

"ఏమిరా?" అన్నాడు ఉస్తాద్, మెల్లగా. "నువ్వు మూసిన బాయిలరే గదా. నీ పెండ్లాం కూసుంటే ఏమి?"

కంబగిరి ఆమె పక్కనే కూర్చున్నాడు. సుంకమ్మ గిన్నెలు విప్పింది. కొర్రన్నం, గోంగూర పప్పు, ఉల్లిపాయ. ముగ్గురికీ పెట్టింది. ఉస్తాద్ బిస్మిల్లా అని ముద్ద పెట్టుకున్నాడు. కంబగిరి ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. అది అక్కడే ఉండిపోయింది, లోపలికి పోదు, బయటికి రాదు. నిప్పు వాకిలి అవతల బొగ్గు గర్జిస్తోంది. దాని పైన కప్పు, కప్పులో తన చేత్తో బిగించిన ఇత్తడి. దానికి ఇవతల మూరెడు దూరంలో సుంకమ్మ మోకాళ్ళు.

"బాగా వండినావు బిడ్డా" అంటున్నాడు ఉస్తాద్. "ఇంకొంచెం పప్పు వెయ్యి."

ఆయన భుజం గేజీ గ్లాసుకు అడ్డంగా ఉంది. కంబగిరి మెడ సాచి చూశాడు, కనపళ్ళేదు. ఇటు వంగాడు, కనపళ్ళేదు. "ఏమయ్యా ఆ వంకర్లు, నడుం పట్టిందా?" అంది సుంకమ్మ. అంతలో ఉస్తాద్ పప్పు కోసం ముందుకు వంగాడు.

గ్లాసు ఖాళీగా ఉంది.

అడుగు దాకా ఖాళీ. ఒక్క చుక్క లేదు.

కంబగిరికి ఇనుము చిరుగు కళ్ళ ముందు కనబడింది. ఇక్కడ మనుషులు కూర్చోనుండిరి. కూర్చోనుండడం కాదు, కూర్చున్నారు! ఈ గడియలో కప్పు కాలుతూ ఉంటుంది. సీసం ఉంటే ఇప్పుడు కరిగేది, ఆవిరి బుసకొట్టేది, అందరికీ తెలిసేది. బాయిలర్ అరవదు. అరవకుండా చేసింది తనే.

"దిగు!" అని పెట్టాడు పొలికేక. నోట్లో ముద్ద ఎగిరి బయటపడింది. సుంకమ్మ రెక్క పుచ్చుకుని లాగాడు, గిన్నెలు దొర్లాయి, పప్పు ఫుట్‌ప్లేటంతా పారింది. "దిగు, దిగవే! సార్, డిక్రూజ్ సార్, బయటికి రండి! పరిగెత్తండి! నిప్పు దించండి! ఎవరన్నా నిప్పు దించండి!"

"ఏమైంది? ఏమైందిరా?" ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"లెడ్ లేదు! ప్లగ్గులో లెడ్ లేదు, ఇత్తడి కొట్టినా! నీళ్ళు లేవు, లెడ్ లేదు, పారిపోండి!"

బాయిలర్ షాపువాళ్ళకు ఆ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. గుంపంతా చెల్లాచెదురైంది. ఆఫీసరు టోపీ వదిలేసి ఉరికాడు. డిక్రూజ్ ఇంజను కిందనుంచి ఎలా వచ్చాడో తెలీదు, నూనె డబ్బా పట్టుకునే బూడిద గుట్ట దాకా పోయాడు. కంబగిరి సుంకమ్మను ఈడ్చుకుంటూ చక్రాల షాపు గోడ చాటుకు చేరాడు. చేరి, వెనక్కి చూశాడు.

ఉస్తాద్ దిగలేదు. సీటు మీద అలాగే కూర్చుని ఉన్నాడు.

"అయ్యో, నాయన!" అంది సుంకమ్మ.

కంబగిరి అడుగు ముందుకు వేశాడు. కాళ్ళు రానన్నాయి. తిట్టుకున్నాడు. తల్లి మీద ఒట్టేసుకున్నాడు. ఏడుస్తూనే పరిగెత్తాడు, మెట్లెక్కాడు, "ఉస్తాద్, మీకు దండం పెడతా, దిగండి ఉస్తాద్" అంటూ ఆయన చంక కింద చెయ్యి వేశాడు.

ఉస్తాద్ చెయ్యి చాచి, గ్లాసులోకి నీళ్ళొదిలే అడుగు కుళాయి తిప్పాడు.

నీళ్ళు జివ్వున పైకి లేచాయి. సగం దాటి ఆగాయి.

"గ్లాసు ఖాళీగా కనబడితే ముందు కుళాయి చూడమని చెప్పినా గదా" అన్నాడు ఉస్తాద్. "మొదటి పొద్దే చెప్పినా."

కంబగిరి ఆ నీళ్ళవైపు చూస్తూ నిలబడిపోయాడు. ఏమీ కాలేదు. ఏమీ కాదు కూడా. కప్పు మీద నీళ్ళు నిండుగా ఉన్నాయి, మొదట్నుంచీ ఉన్నాయి.

పేలకపోయేసరికి జనం ఒక్కరొక్కరే వెనక్కి వచ్చారు. ఆఫీసరు వచ్చాడు, టోపీ దులుపుకుని పెట్టుకున్నాడు. ఫుట్‌ప్లేటు కింద నిలబడి తలెత్తాడు.

"ఏమన్నావు నువ్వు ఇందాక? ప్లగ్గులో ఏం లేదన్నావు?"

వెనకనుంచి రాజమాణిక్యం కళ్ళతోనే బతిమాలుతున్నాడు. కంగారులో ఏదో వాగానని చెప్పు నాయనా, వాడు నమ్ముతాడు. గ్లాసులో నీళ్ళున్నాయి, ఆవిరి నిండుగా ఉంది, ఒక్క మాట అంటే పాస్ అవుతుంది. షాపువాళ్ళందరూ కంబగిరి నోటివైపే చూస్తున్నారు. వాళ్ళ వెనకాల డిక్రూజ్ నిలబడి ఉన్నాడు, మొహమంతా నూనె, ఇంకా రొప్పుతున్నాడు.

"లెడ్ లేదు సార్" అన్నాడు కంబగిరి. "నిండు ఇత్తడి. నేనే చేసినా. ఎవరికీ తెలియదు."

ఆఫీసరు ఇంజనుకు వీపు తిప్పాడు. "నిప్పు దించండి" అన్నాడు. పోతూ పోతూ రాజమాణిక్యంతో, "ఏ నమ్మకంతో ఈ షాపును ఉంచమంటారు, మీరే చెప్పండి" అన్నాడు.

నిప్పు దించారు. ఎర్రటి బొగ్గులు పట్టాల నడుమ గుంటలో పడి, నీళ్ళు చల్లితే పెద్ద పొగ లేచింది. ఆ పొగలో ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. "మా నోట్లో మన్ను కొట్టినావు గదప్పా" అన్నాడొకడు. "ప్లగ్గు పెట్టినప్పుడు లేని నీతి ఇప్పుడొచ్చిందా?" అన్నాడు ఇంకొకడు. ఒకాయన ఉమ్మేసి పోయాడు. ఆ మాటలన్నీ న్యాయమే. కంబగిరి అన్నీ పడ్డాడు.

డిక్రూజ్ చివర్లో వచ్చాడు. ఇంజను కింద తను దూరిన చోటు చూశాడు. కంబగిరిని చూశాడు. కొడతాడేమో అనుకున్నాడు కంబగిరి, కొడితే బాగుండుననుకున్నాడు.

"రేపట్నించి దీన్ని ఘాట్ ఎక్కించాల్సింది నేనే" అన్నాడు డిక్రూజ్. సుంకమ్మ గిన్నెలు ఏరుతుంటే వంగి ఒక మూత తీసి ఇచ్చి వెళ్ళాడు.

షాపు ఖాళీ అయింది. ఇంజను లోపల ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. సుంకమ్మ కింద పట్టాల పక్కన కూర్చుని కళ్ళొత్తుకుంటోంది. కంబగిరి మెట్లెక్కి వచ్చాడు. ఉస్తాద్ ఇంకా ఆ చెక్క సీటు మీదే ఉన్నాడు. ప్లేటులో అన్నం సగం అలాగే ఉంది.

"అందరి బతుకులూ తీసినా ఉస్తాద్" అన్నాడు. "నాకు ఇంకా వణుకు తగ్గలేదు. మీ ముందర నిలబడే మొహం లేదు. అందరూ పారిపోతాంటే మీరొక్కరే ఇట్లా నిమ్మళంగా కూసున్నారు, మీ మాదిరి మనిషి దగ్గర ఇన్నేండ్లు పని నేర్చుకోని నేను..."

"నిమ్మళమా?" అన్నాడు ఉస్తాద్. "లేవలేక ఉండిపోయినా రా. మోకాళ్ళు పట్టు తప్పినాయి. ఏదీ, చెయ్యి ఇయ్యి."

కంబగిరి చెయ్యి ఇచ్చాడు. పట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది. వణుకుతోంది. తన చెయ్యి కన్నా ఎక్కువగా వణుకుతోంది.

కంబగిరి ఆ చెయ్యి వైపు చూశాడు. నమ్మలేక మళ్ళీ చూశాడు.

"నీళ్ళు నిండుగా ఉన్నాయని మీకు తెలుసు గదా. గ్లాసులో నీళ్ళు వదిలేసి కుళాయి మూసింది మీరే గదా. మీకేం భయం ఉస్తాద్?"

ఉస్తాద్ అతని భుజం మీద బరువు వేసి లేచి నిలబడ్డాడు.

"నువ్వు అరవవేమోనని" అన్నాడు.